‘ఎదురు’ను ఇంగ్లీషులో ఎలా చెప్పాలి: అప్ అగైనెస్ట్, స్టాండ్ అప్ టు, అక్రాస్ ఫ్రమ్

తెలుగులో ‘ఎదురు’ అన్న ఒక్క మాట ఎంత చాకిరీ చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? ఇంటికి ఎదురుగా బడి ఉంటుంది. దారిలో స్నేహితుడు ఎదురుపడతాడు. పిల్లవాడు ఎదురు చెబుతాడు. అనుచరులు నాయకుడికి ఎదురు తిరుగుతారు. ఏటికి ఎదురీదుతాం, కష్టాన్ని ఎదుర్కొంటాం, బస్సు కోసం ఎదురుచూస్తాం. ఒక వస్తువు ఎక్కడుందో చెప్పడానికీ, ఒకరితో తలపడటానికీ మనకు అదే మాట.

ఇంగ్లీషులో ఇంత సౌకర్యం లేదు. అక్కడ అప్, డౌన్, బ్యాక్, అవుట్, టు, ఆన్, అగైనెస్ట్ లాంటి చిన్న ముక్కలను రెండేసి చొప్పున కలిపి ఈ పనులన్నీ చేయించుకుంటారు. వాటిని జాబితాగా బట్టీ పట్టేవాళ్ళు వారం తర్వాత సగం మరిచిపోతారు. నేనూ మరిచిపోయినవాణ్ణే. బట్టీ మానేసి, ఏ ముక్క ఏ పని చేస్తోందో విడదీసి చూడటం మొదలుపెట్టాకే నాకు దారి దొరికింది. ఆ విడదీసే పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

మొదట, ముక్కల వరుస పట్టుకోండి

‘పిల్లి బల్ల కింది నుంచి వచ్చింది’ అనే వాక్యం తీసుకోండి. బల్ల, తర్వాత కింద, ఆ తర్వాత నుంచి. ఇంగ్లీషులో ఇదే ‘ఫ్రమ్ అండర్ ద టేబుల్’: నుంచి, కింద, బల్ల. అద్దంలో చూసినట్టు వరుస తిరగబడింది. ‘తలుపు వెనక నుంచి’ అంటే ‘ఫ్రమ్ బిహైండ్ ద డోర్’. అంటే ముక్క మీద ముక్క పేర్చడం మనకు కొత్తేమీ కాదు, మనం పేరు (బల్ల, తలుపు లాంటి నామవాచకం) తర్వాత పేరుస్తాం, వాళ్ళు పేరుకు ముందు పేరుస్తారు. రెండు భాషల్లోనూ పేరుకు ఆనుకుని ఉన్న ముక్కే ఆ పేరుతో సంబంధాన్ని చెబుతుంది.

ఇప్పుడు క్రియ ఉన్న వాక్యానికి వద్దాం. ‘స్టాండ్ అప్ టు హిమ్’. దీన్ని ఎక్కడ కోయాలి? ‘స్టాండ్ అప్’ ఒక ముక్క, ‘టు హిమ్’ ఇంకో ముక్క. ‘అప్’ క్రియకు చెందింది, దాన్ని పార్టికల్ అంటారు. ‘టు’ పేరుకు చెందింది, అది ప్రిపోజిషన్. మొదటిది ఒంటి కదలికను చెబుతుంది: లేచి నిలబడటం. రెండోది ఆ నిలబడటం ఎవరి వైపో చెబుతుంది. లేచి, అతని వైపు తిరిగి నిలబడ్డాడు, అంటే తల వంచలేదు. ఎదిరించాడు అన్న అర్థం ఈ రెండూ కలిసినప్పుడు పుట్టింది.

కోత సరిగ్గా పడితే చివరి ముక్కను మార్చి చూడొచ్చు. ‘స్టాండ్ అప్ ఫర్ హిమ్’ అంటే అతని తరఫున నిలబడటం. ‘స్టాండ్ అప్ టు యువర్ బాస్’ అని చెప్పాల్సిన చోట ‘స్టాండ్ అప్ ఫర్ యువర్ బాస్’ అంటే మీరు ఎదిరించమంటున్నారో, వెనకేసుకు రమ్మంటున్నారో వినేవాడికి తలకిందులుగా అర్థమవుతుంది. ఉద్యోగం పోయే వ్యవహారం.

అలాగే ‘కమ్ అప్’ పక్కన ముక్కలు మార్చి చూడండి. ‘కమ్ అప్ టు మీ’ అంటే నా దగ్గరికి రావడం. ‘కమ్ అప్ విత్ ఎ ప్లాన్’ అంటే ఒక ఉపాయం ఆలోచించి చెప్పడం. ‘కమ్ అప్ అగైనెస్ట్ ఎ ప్రాబ్లమ్’ అంటే సమస్య అడ్డం తగలడం. మూడింటిలోనూ ‘కమ్ అప్’ అదే, చివరి ముక్క చేతిలోనే అర్థమంతా ఉంది.

చోటు చెప్పే ‘ఎదురు’

మీరు చెప్పదలచుకున్నది చోటా, తాకిడా, తగవా అన్నది ముందు తేల్చుకోండి. చోటైతే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: మధ్యలో ఏమైనా ఉందా?

మధ్యలో రోడ్డో, బల్లో, ఏరో ఉండి, రెండూ ఒకదాన్నొకటి చూస్తున్నట్టు ఉంటే ‘ఆపోజిట్’ లేదా ‘అక్రాస్ ఫ్రమ్’. ‘ద స్కూల్ ఈజ్ ఆపోజిట్ అవర్ హౌస్’. అమెరికాలో ‘అక్రాస్ ఫ్రమ్’ ఎక్కువ వినిపిస్తుంది, బ్రిటన్‌లో ‘ఆపోజిట్’. ‘అక్రాస్ ఫ్రమ్’లో కూడా జంట ముక్కల లెక్కే ఉంది: ‘ఫ్రమ్’ అంటే మా ఇంటి దగ్గర నుంచి బయలుదేరి, ‘అక్రాస్’ అంటే మధ్యనున్నదాన్ని దాటితే అక్కడ.

‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’ అలా కాదు. ‘దేర్ ఈజ్ ఎ కార్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ అవర్ హౌస్’ అంటే కారు మన గుమ్మం ముందే, రోడ్డుకు ఇవతలే ఉంది. తెలుగులో ‘మా ఇంటి ముందు బడి ఉంది’ అని రోడ్డుకు అవతల ఉన్నదాన్ని కూడా అనేస్తాం కాబట్టి ఇక్కడ చాలామంది జారిపడతారు. మనుషుల విషయంలో తేడా ఇంకా పెద్దది. ‘హి శాట్ ఆపోజిట్ మీ’ అంటే నాకు అతని ముఖం కనిపిస్తోంది. సినిమా హాల్లో ‘హి శాట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మీ’ అంటే నాకు కనిపిస్తున్నది అతని తల వెనక భాగం.

ఒక చిన్న జాగ్రత్త. ఇల్లూ, బడీ లాంటి చోట్ల గురించి చెప్పేటప్పుడు ‘ఆపోజిట్’ తర్వాత ‘ఆఫ్’ పెట్టకండి. ‘ద ఆపోజిట్ ఆఫ్ హాట్ ఈజ్ కోల్డ్’ అన్నప్పుడు అది వ్యతిరేకార్థం అనే నామవాచకం. అక్కడ మాత్రమే ‘ఆఫ్’ కావాలి.

పాత పుస్తకాలు చదివేవారికి ‘ఓవర్ అగైనెస్ట్’ అనే జంట తగులుతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఇది చాలాచోట్ల ఉంది. అక్కడ దానికి తగవుతో సంబంధం లేదు, ఫలానా ఊరికి ఎదురుగా అని మాత్రమే అర్థం. ఇప్పుడు ఎవరైనా వాడితే రెండు భావాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వాడతారు. మీరు గుర్తుపడితే చాలు, వాడాల్సిన పని లేదు.

ఆనుకుని ఉంటే

నిచ్చెన గోడకు ఆనించారు: ‘ద ల్యాడర్ ఈజ్ అగైనెస్ట్ ద వాల్’. ‘అగైనెస్ట్’ మొదటి బొమ్మ ఇదే అనుకోండి. ఒకటి నెడుతోంది, రెండోది కదలకుండా ఆపుతోంది. నిచ్చెన బరువు గోడ మీద పడుతోంది, గోడ ఒప్పుకోవడం లేదు. వ్యతిరేకత అనే అర్థం ఈ బొమ్మలోంచే సులువుగా అందుతుంది. ఒక ప్రతిపాదనకు ‘అగైనెస్ట్’ ఉన్న మనిషి కూడా ఆ గోడలాంటివాడే.

‘ఆన్ ద వాల్’తో తేడా చూడండి. మేకుకు వేలాడదీసిన బొమ్మ ‘ఆన్ ద వాల్’. కింద నిలబెట్టి గోడకు చేరగిలేసిన బొమ్మ ‘అగైనెస్ట్ ద వాల్’. ‘లీన్ అగైనెస్ట్’ అంటే పక్కకు ఒరిగి ఆనుకోవడం, ‘లీన్ ఆన్’ అంటే బరువు మోపడం. అందుకే మనిషి మీద ఆధారపడటానికి ‘లీన్ ఆన్’ సరిపోయింది.

దీనికి ‘అప్’ చేరిస్తే ‘అప్ అగైనెస్ట్’. ఇక్కడ ‘అప్’ అంటే పైకి కాదు. దగ్గరగా వచ్చి ఇక జాగా లేనంతవరకు అని అర్థం. ‘కమ్ అప్ టు మీ’, ‘క్యాచ్ అప్ విత్ దెమ్’ లాంటి వాటిల్లోనూ ఈ దగ్గరితనమే ఉంది. ‘పుష్ ద టేబుల్ అప్ అగైనెస్ట్ ద వాల్’ అంటే బల్లను గోడకు తగిలేదాకా నెట్టమని, బల్ల పైకేమీ లేవడం లేదు.

ఇప్పుడు బల్ల స్థానంలో మనల్ని, గోడ స్థానంలో ఒక చిక్కును పెట్టండి. ‘వియ్ ఆర్ అప్ అగైనెస్ట్ ఎ స్ట్రాంగ్ టీమ్’. ఎదుట గట్టి జట్టు ఉంది, పక్కకు తప్పుకునే వీల్లేదు. చోటు చెప్పే మాట తగవు చెప్పే మాటగా మారడానికి పట్టిన దూరం అంతే. ‘వియ్ ఆర్ రియల్లీ అప్ అగైనెస్ట్ ఇట్’ అని కూడా అంటారు. ఆ ‘ఇట్’ దేన్నీ సూచించదు. డబ్బుకో, సమయానికో బాగా ఇరుకున పడ్డామని భావం. ‘ఇట్ ఏమిటి?’ అని వెతికి టెన్షన్ పడొద్దు.

మన ‘మీద’ పెట్టే తంటా

నా అనుభవంలో తెలుగువాళ్ళు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. కారణం మన ‘మీద’. పుస్తకం బల్ల మీద ఉంటుంది, కోపం తమ్ముడి మీద ఉంటుంది, కేసు పక్కింటాయన మీద పెడతాం, మ్యాచ్ అవతలి జట్టు మీద గెలుస్తాం. మొదటిదానికి ‘ఆన్’ అని నేర్చుకుని మిగతా అన్నింటికీ అదే అతికిస్తాం. నేను ఏళ్ళ తరబడి ‘కంప్లెయింట్ ఆన్ హిమ్’ అనే రాశాను. ఒక అధికారి నా ఉత్తరంలో ‘ఆన్’ కొట్టేసి పైన ‘అగైనెస్ట్’ రాసి వెనక్కి పంపేదాకా అది తప్పని నాకు అనుమానం కూడా రాలేదు.

కాబట్టి తెలుగు వాక్యంలో ‘మీద’ కనిపించగానే ఆగండి. అది కేసు, ఫిర్యాదు, ఆరోపణ, సాక్ష్యం, తీర్పు లాంటి మాటలతో వస్తే ‘అగైనెస్ట్’: ‘ఎ కేస్ అగైనెస్ట్ హిమ్’, ‘ఎవిడెన్స్ అగైనెస్ట్ హర్’. ఫిర్యాదు మనిషి మీద కాకుండా చప్పుడు, ఆలస్యం లాంటి సంగతి గురించైతే ‘కంప్లెయింట్ అబౌట్’. గెలుపైతే ‘విన్ అగైనెస్ట్ దెమ్’, ఇంకా మామూలుగా ‘బీట్ దెమ్’. ‘వియ్ వన్ దెమ్’ అనకూడదు, ‘విన్’ తర్వాత మ్యాచో, బహుమతో రావాలి గానీ ఓడినవాళ్ళు రారు. కోపమైతే ‘యాంగ్రీ విత్’ లేదా ‘యాంగ్రీ ఎట్’.

మరి ‘ఆన్’ ఎక్కడ? పైన పడటం అనే బొమ్మ ఉన్నచోట. ‘యాన్ అటాక్ ఆన్ ద సిటీ’ అనడంలో నిజంగానే మీద పడుతున్నారు. ‘ద డాగ్ టర్న్డ్ ఆన్ హిమ్’ అంటే అప్పటిదాకా బాగానే ఉన్న కుక్క గిర్రున తిరిగి అతని మీద పడింది. ‘టర్న్డ్ అగైనెస్ట్ హిమ్’ అంటే అలా మీద పడటం కాదు, అభిమానం పోయి వ్యతిరేకులైపోవడం. జనం నాయకుడికి ఎదురు తిరిగారు అనడానికి ఇది సరిపోతుంది. ‘టర్న్ ఆన్’ ఒక్క క్షణంలో అయిపోతుంది, ‘టర్న్ అగైనెస్ట్’కు చాలాసార్లు కొంత కాలం పడుతుంది.

మనసులో పెట్టుకోవడం అనే మన మాటకు ‘హోల్డ్ ఇట్ అగైనెస్ట్’ చక్కగా సరిపోతుంది. ‘ఐ డోంట్ హోల్డ్ ఇట్ అగైనెస్ట్ యు’ అంటే ఆ సంగతి నేను మనసులో పెట్టుకోలేదు, నీ మీద కోపం లేదు అని.

ఏ ముక్కా అక్కర్లేనివి, ‘టు’ మాత్రమే కావాల్సినవి

‘అపోజ్’, ‘రెసిస్ట్’, ‘కన్‌ఫ్రంట్’, ‘డిఫై’, ‘ఫేస్’ ఈ క్రియల కడుపులోనే ఎదురు ఉంది. వాటి తర్వాత నేరుగా పేరు పెట్టాలి. ‘దే అపోజ్డ్ ద ప్లాన్’ అంతే. ‘అపోజ్డ్ అగైనెస్ట్ ద ప్లాన్’ అంటే ఎదురుకు ఎదురు పెట్టినట్టు.

అదే ‘అపోజ్డ్’ను వాళ్ళ అభిప్రాయంగా చెప్పేటప్పుడు మాత్రం ‘టు’ కావాలి: ‘దే ఆర్ అపోజ్డ్ టు ద ప్లాన్’. ‘అబ్జెక్ట్ టు’, ‘కాంట్రరీ టు’, ‘రెసిస్టెంట్ టు’ కూడా ఇదే గుంపు. వైపు అని అర్థమిచ్చే ‘టు’ వ్యతిరేకతకు ఎలా వచ్చిందని ఆశ్చర్యం కలగొచ్చు. ఎదిరించేవాడు అవతలివాడి వైపు ముఖం తిప్పుకునే ఉంటాడు కదా! ‘ఫేస్ టు ఫేస్’లో ఉన్న ‘టు’ అది.

ఈ ‘టు’ ప్రిపోజిషన్ కాబట్టి దాని తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపంలో రావాలి. ‘హి అబ్జెక్టెడ్ టు పేయింగ్’ సరైనది. ‘టు పే’ అనాలని నాలుక లాగుతుంది, లాగనివ్వకండి.

ముక్క చూసి బలాబలాలు కనిపెట్టండి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. తగవు చెప్పే జంటల్లో పార్టికల్ చూస్తే ఎవరు పైన ఉన్నారో, ఎవరు కింద ఉన్నారో తెలిసిపోతుంది.

‘అప్’ ఉంటే చాలాసార్లు చిన్నవాడు పెద్దవాడిని ఎదిరిస్తున్నాడు. ‘రైజ్ అప్ అగైనెస్ట్’ అంటే జనం పాలకుల మీద తిరగబడటం. ‘స్టాండ్ అప్ టు’ కూడా బలవంతుణ్ణి ఎదిరించడమే, చంటిపిల్లాడికి ‘స్టుడ్ అప్ టు’ అని ఎవరైనా అంటే నవ్వు కోసం అన్నట్టు. ‘డౌన్’ ఉంటే అధికారం పైనుంచి దిగుతోంది. ‘క్రాక్ డౌన్ ఆన్’ అంటే ప్రభుత్వమో, పోలీసులో ఉక్కుపాదం మోపడం. ‘కమ్ డౌన్ హార్డ్ ఆన్’ అంటే కఠినంగా శిక్షించడం. ఒకే వార్తలో ఆందోళనకారులు ‘రోజ్ అప్ అగైనెస్ట్’, పోలీసులు ‘క్రాక్డ్ డౌన్ ఆన్’ అని రెండూ కనిపిస్తే, ఎవరెటు ఉన్నారో బొమ్మ గీసినట్టే ఉంటుంది. అయితే ‘గ్యాంగ్ అప్ ఆన్’లో ‘అప్’ వేరు. అక్కడ పదిమంది ఒకచోట చేరి ఒక్కడి మీద పడుతున్నారు.

‘బ్యాక్’ ఉంటే మొదటి దెబ్బ అవతలివాడిది. ‘హిట్ బ్యాక్ ఎట్’, ‘ఫైట్ బ్యాక్ అగైనెస్ట్’ అంటే తిప్పికొట్టడం. మన ‘ఎదురు చెప్పడం’కు అచ్చమైన ఇంగ్లీషు ‘టాక్ బ్యాక్ టు’. బ్రిటన్‌లో ‘ఆన్సర్ బ్యాక్’ అంటారు. ‘పుష్ బ్యాక్ అగైనెస్ట్’ దెబ్బలాట కాదు. ఆఫీసుల్లో ఒక గడువునో, ప్రతిపాదననో మర్యాదగా ఒప్పుకోకపోవడం. ‘పుష్ బ్యాక్ ఆన్’ అని కూడా అక్కడ బాగా వాడుతున్నారు.

‘అవుట్’ ఉంటే లోపల ఉన్నది బయటపడింది. ‘స్పీక్ అవుట్ అగైనెస్ట్’ అంటే భయపడకుండా నోరు విప్పడం. ‘కమ్ అవుట్ అగైనెస్ట్’ అంటే వ్యతిరేకిస్తున్నామని బహిరంగంగా ప్రకటించడం. ఉత్త ‘స్పీక్ అగైనెస్ట్’లో ఆ ధైర్యం వినిపించదు.

ఇక ‘అప్ అగైనెస్ట్’కు ముందు వచ్చే క్రియలు. ‘రన్ అప్ అగైనెస్ట్’, ‘కమ్ అప్ అగైనెస్ట్’ అంటే మన దారిన మనం పోతుంటే అడ్డంకి తగలడం. ‘గో అప్ అగైనెస్ట్’ అంటే కావాలని బరిలోకి దిగడం. అందుకే రూల్స్, ఖర్చుల లాంటి అడ్డంకులతో ‘రన్ అప్ అగైనెస్ట్’, ఛాంపియన్‌తో ‘గో అప్ అగైనెస్ట్’ బాగా కుదురుతాయి.

ఒక మాయదారి జంట ఉంది: ‘ఫేస్ అప్ టు’. ‘స్టాండ్ అప్ టు’ లాగే కనిపిస్తుంది గానీ ఎదిరించడం కాదు. తప్పించుకు తిరుగుతున్న నిజాన్ని ఒప్పుకోవడం. ‘ఫేస్ అప్ టు యువర్ మిస్టేక్’ అంటే నీ తప్పును నువ్వు ఒప్పుకో అని. ‘పుట్ అప్ విత్’ అయితే పూర్తిగా అటువైపు, అది ఓర్చుకోవడం.

‘విత్’ సంగతి

‘హి ఫాట్ విత్ హిజ్ బ్రదర్’. అన్నతో గొడవపడ్డాడా, అన్నతో కలిసి పోరాడాడా? రెండూ కావచ్చు. మన ‘అన్నతో పోట్లాడాడు’లోని ‘తో’ కూడా తగవులో చేరుతుంది కాబట్టి మనకు ఇది వింతగా అనిపించదు. కానీ ఇంగ్లీషులో దీని వెనక ఒక కథ ఉంది. పాత ఇంగ్లీషులో ‘విత్’ అర్థమే ఎదురుగా, వ్యతిరేకంగా అని. కలిసి అనడానికి అప్పుడు ‘మిడ్’ అనే మాట ఉండేది, జర్మన్‌లోని ‘మిట్’కు చుట్టం. తర్వాతి కాలంలో ‘విత్’ ఆ స్థానాన్ని ఆక్రమించింది. పాత ‘మిడ్’ ఇప్పటికీ ‘మిడ్‌వైఫ్’లో మిగిలింది, ప్రసవించే తల్లికి తోడుగా ఉండే స్త్రీ. పాత ‘విత్’ ఏమో ‘విత్‌స్టాండ్’లో ఉంది, ఎదురొడ్డి నిలవడం.

‘అగైనెస్ట్’ పుట్టింది ‘అగైన్’లోంచి. ‘అగైన్’కు మొదట మళ్ళీ అనే అర్థం లేదు, ఎదురుగా, వెనక్కి అనే ఉండేవి. ‘గైన్‌సే’ అంటే కాదనడం, అందులోని ‘గైన్’ ఆ పాత కుదురుదే.

ఈ చరిత్ర మరిచిపోయినా ఫర్వాలేదు గానీ, అనుమానం వచ్చేచోట ‘ఫైట్ విత్’ రాయకండి. ఎదిరించడానికి ‘ఫైట్ అగైనెస్ట్’, కలిసి పోరాడటానికి ‘ఫైట్ అలాంగ్‌సైడ్’ అని తేల్చి రాయండి. ఆటల్లోనూ అంతే: ‘ప్లే అగైనెస్ట్ దెమ్’ అంటే ప్రత్యర్థులుగా, ‘ప్లే విత్ దెమ్’ అంటే వాళ్ళతో కలిసి.

హిమ్, హర్, ఇట్ ఎక్కడ పెట్టాలి

ఒకే పార్టికల్ ఉన్న క్రియల్లో సర్వనామం మధ్యలోకి వస్తుంది: ‘టర్న్ ఇట్ డౌన్’. ‘టర్న్ డౌన్ ఇట్’ కుదరదు. రెండు ముక్కల జంటల్లో ఆ బాధ లేదు. చివరిది ప్రిపోజిషన్ కాబట్టి దాని తర్వాతే పెట్టండి: ‘స్టాండ్ అప్ టు హిమ్’, ‘టాక్ బ్యాక్ టు హర్’. మధ్యలో దూర్చి ‘స్టాండ్ హిమ్ అప్’ అన్నారో, కలుస్తానని మాటిచ్చి రాకుండా అతన్ని నిలబెట్టేశారని అర్థమవుతుంది!

పలికేటప్పుడు బలం పార్టికల్ మీద పడాలి. ‘స్టాండ్ అప్ టు హిమ్’లో ‘అప్’ గట్టిగా వినబడాలి, ‘టు’ ‘ట’ అన్నట్టు తేలిపోవాలి. మనం అన్ని ముక్కలనూ సమానంగా ఒత్తి పలుకుతాం, అందుకే వినేవాడికి అవి విడివిడిగా తగులుతాయి.

ప్రశ్నల్లో ముక్కలు చివర మిగిలిపోతే కంగారు పడకండి. ‘వాట్ ఆర్ వియ్ అప్ అగైనెస్ట్?’ శుభ్రమైన ఇంగ్లీషు. వాక్యాన్ని ప్రిపోజిషన్‌తో ముగించకూడదనే పట్టింపు పాతదే. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, తనకు ముందుతరం వాడైన బెన్ జాన్సన్ రాతల్లో దీన్ని తప్పుగా ఎత్తిచూపాడు. జనం మాత్రం అప్పుడూ అలాగే మాట్లాడారు, ఇప్పుడూ అలాగే మాట్లాడుతున్నారు. ‘అగైనెస్ట్ వాట్ ఆర్ వియ్ అప్?’ అంటే డ్రైడెన్ కూడా తల పట్టుకునేవాడేమో.

వ్యతిరేకం అనకూడని ‘అగైనెస్ట్’లు

చదివేటప్పుడు ‘అగైనెస్ట్’ కనబడ్డ ప్రతిచోటా ‘వ్యతిరేకంగా’ అని తర్జుమా చేసుకోకండి. ‘ఇన్ష్యూర్ అగైనెస్ట్ ఫైర్’ అంటే అగ్నిప్రమాదం జరిగితే రక్షణ కోసం బీమా. ‘వ్యాక్సిన్ అగైనెస్ట్ మీజిల్స్’ అంటే తట్టు రాకుండా టీకా. ‘రెడ్ అగైనెస్ట్ వైట్’ అంటే తెలుపు వెనకాల ఉండగా ఎరుపు. ఒక కరెన్సీ ‘ఫెల్ అగైనెస్ట్ ద డాలర్’ అంటే డాలర్‌తో పోలిస్తే తగ్గింది. ‘అగైనెస్ట్ ద క్లాక్’ అంటే టైమ్ మించిపోకముందే ముగించాలన్న ఉరుకులు. అన్నిటి కిందా నిచ్చెనా గోడా బొమ్మే ఉంది గానీ, తెలుగులో చెప్పేటప్పుడు దేనికి దానికి వేరే మాట వెతుక్కోవాల్సిందే.

చేసి చూడండి

కింది వాక్యాలను ముందు మీరే ఇంగ్లీషులో అనుకోండి. ప్రతిదానికీ చోటా, తాకిడా, తగవా అని అడగండి, తర్వాత ముక్కలు ఎంచుకోండి.

‘బీరువాను గోడకు ఆనించి పెట్టండి.’ ఇది తాకిడి. ‘పుట్ ద కప్‌బోర్డ్ అప్ అగైనెస్ట్ ద వాల్.’

‘సమావేశంలో ఆమె నాకు ఎదురుగా కూర్చుంది.’ చోటు, మధ్యలో బల్ల ఉంది. ‘షి శాట్ అక్రాస్ ఫ్రమ్ మీ’ లేదా ‘ఆపోజిట్ మీ’. ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’ అనుకుంటే మళ్ళీ సినిమా హాలుకు వెళ్ళి రండి.

‘అమ్మకు ఎదురు చెప్పకు.’ తగవు, మొదట మాట్లాడింది అమ్మ. ‘డోంట్ టాక్ బ్యాక్ టు యువర్ మదర్.’

‘వాళ్ళ మీద గెలవడం కష్టం.’ మీద ఉంది, జాగ్రత్త. ‘ఇట్ ఈజ్ హార్డ్ టు బీట్ దెమ్.’

‘మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.’ చోటూ కాదు, తాకిడీ కాదు, తగవూ కాదు. మనం ఎదురు చూస్తుంటే వాళ్ళు ముందుకు చూస్తారు: ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై.’ ‘ఫార్వర్డ్’ పార్టికల్, ‘టు’ ప్రిపోజిషన్. అందుకే చివర క్రియ పెడితే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అవుతుంది. ‘టు హియర్’ అని రాసి పంపిన ఉత్తరాలు నావి కూడా కొన్ని ఉన్నాయి.